మధురకు కారులోనా, రైల్లోనా?

సెలవులు దగ్గర పడ్డాయంటే మన కోయంబత్తూరు ఇళ్ళలో లేచే మొదటి ప్రశ్న ఇదే. విదేశాల నుంచి పిల్లలు వస్తారు, మీనాక్షమ్మను చూడాలంటారు, ఇంటి పెద్ద వెంటనే ట్రావెల్స్‌కు ఫోను చేస్తాడు. ఆ ఫోను చేసే ముందు కొంచెం లెక్క చూద్దాం. లెక్కలు చూడటమే కదా ముప్పై ఏళ్ళుగా నా ఉద్యోగం!

మధుర ఇక్కడికి రోడ్డు మీద సుమారు 215 కిలోమీటర్లు. రానూ పోనూ 430. పై ఊరికి వెళ్ళే అద్దె కారుకు రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని ఒక హద్దు పెడతారు. అది 250 అనుకోండి. మూడు రోజులకు 750. అళగర్ కోయిల్, తిరుప్పరంకుండ్రం అన్నీ కలుపుకున్నా మనం తిరిగేది 520 దాటదు. కట్టేది మాత్రం 750కి. ఆపైన డ్రైవరు బత్తా, టోలు, పార్కింగు. నడుమ రోజంతా కారు హోటలు ముందు నిద్రపోతుంది. మా బ్యాంకు భాషలో దాన్ని నిరర్థక ఆస్తి అంటాం.

మా అన్నయ్య కూతురు నిరుడు భర్తతో ఇటలీ చూసి వచ్చింది. అక్కడ ఫ్లారెన్సు వంటి ఊళ్ళలో పాత పట్టణం లోపలికి అనుమతి లేని కారు వస్తే కెమెరా నంబరు పట్టేస్తుంది. జరిమానా కాగితం నెలల తర్వాత తీరిగ్గా ఇంటికి వస్తుంది. అందుకని వాళ్ళు ఊరికీ ఊరికీ మధ్య రైలెక్కారు, ఊళ్ళో నడిచారు, పల్లెలు చూడటానికి మాత్రం రెండు రోజులు కారు తీసుకున్నారు. "మన మధుర కూడా అంతే కదా చిన్నాన్నా" అంది.

నిజమే. గుడి చుట్టూ చిత్తిరై వీధులు, వాటి చుట్టూ ఆవణిమూల వీధులు, ఆపైన మాసి వీధులు, అన్నిటికీ బయట వెలి వీధులు. వెలి వీధులున్న చోట ఒకప్పుడు కోటగోడ, అగడ్త ఉండేవి. 1840లలో కలెక్టరు బ్లాక్‌బర్న్ వాటిని తీయించాడు. గోడ పోయింది గాని లోపలి ఊరు పాతదే. రథం తిరగడానికి వేసిన వీధుల్లో ఏడుగురు పట్టే కారు తిప్పితే ఏమవుతుందో చూసినవాళ్ళకు తెలుసు. చిత్తిరై వీధుల్లోకి ఎలాగూ వాహనాలు రానివ్వరు.

ఇంకో చిక్కు. 2018లో గుడిలో అగ్నిప్రమాదం జరిగాక లోపలికి సెల్‌ఫోన్లు నిషేధించారు. ఫోను కౌంటరులో ఇచ్చి దర్శనం చేసుకుని బయటికి వస్తే, డ్రైవరు ఎక్కడున్నాడో తెలియదు. ఫోను తిరిగి తీసుకుని పిలిస్తే అతను ఎక్కడో దూరాన ట్రాఫిక్‌లో. పోయినసారి మా అమ్మ గోపురం బయట రాతి అరుగు మీద ఎండలో ముప్పావు గంట కూర్చుంది. అమ్మకు 84 ఏళ్ళు. నోరెత్తలేదు గాని, ఆ సాయంత్రం భోజనం ముట్టలేదు. "మళ్ళీ రాగలనో లేదో, ఈసారి మంగమ్మ సత్రం కూడా చూపించురా" అని మాత్రం అంది.

ఈసారి రైలెక్కించాను. పోదనూరు–పొల్లాచ్చి మార్గం 2017లో బ్రాడ్‌గేజి అయ్యాక పళని, దిండిగల్లు మీదుగా మధురకు రైలు దారి మళ్ళీ కలిసింది. కారులో అమ్మ కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. రైల్లో లేచి నాలుగడుగులు వేసింది, మరుగుదొడ్డికి ఎవరినీ బతిమాలే పని లేదు. పొల్లాచ్చి దాటాక పిల్లలకు మన జి.డి. నాయుడుగారి సంగతి చెప్పాను. 1920లో ఆయన మొదటి బస్సు నడిపింది ఈ పొల్లాచ్చి–పళని దారిలోనే, స్వయంగా స్టీరింగు పట్టుకుని. 2025లో మన అవినాశి రోడ్డు పైవంతెనకు ఆయన పేరే పెట్టారు.

మధుర జంక్షన్లో దిగితే ఎదురుగానే మంగమ్మ సత్రం. 1689 నుంచి 1706 వరకు మనుమడి తరఫున రాజ్యమేలిన రాణి, బాటసారుల కోసం దారులూ సత్రాలూ కట్టించింది. అమ్మ గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. పిల్లలు ఫొటోలు తీశారు.

అక్కణ్ణుంచి గుడికి ఆటో చాలు. తిరుమల నాయకుని మహలుకూ అంతే. (ఇటలీ శిల్పి కట్టాడని అక్కడి గైడ్లు చెబుతారు. నేను పందెం కట్టను. 1606లో ఇటలీ నుంచి నోబిలి అనే పాదిరీ మధురకొచ్చి తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చిన మాట మాత్రం నిజం.) తిరుప్పరంకుండ్రానికి టౌను బస్సులున్నాయి. 2021 నుంచి సాధారణ టౌను బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి మా ఆవిడ దర్జాగా కూర్చుంది, నేను చిల్లర వెతుక్కున్నాను. కాని బస్సు మెట్లు ఎత్తు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు నేను చెప్పను.

అళగర్ కోయిల్ ఇరవై కిలోమీటర్ల పైన ఉంటుంది. దానికి మాత్రం ఒక పూట కారు మాట్లాడుకోండి, స్థానికంగానే. బస్సులో వెళ్ళదలచిన వారికి: కోయంబత్తూరు బస్సులు మధురలో ఆగేది ఆరపాళయంలో, మాట్టుతావణిలో కాదు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగు దాకా గుడి మూసి ఉంటుంది, ఆ వేళకు చేరే బండి ఎక్కకండి. తైపూసం రోజుల్లో పళని రోడ్డు నిండా పాదయాత్రికులు, రాత్రిపూట కారు వద్దే వద్దు. చిత్తిరై ఉత్సవంలో అళగరు వైగైలో దిగే రోజు చూడాలనుకుంటే ముందురోజు మధ్యాహ్నానికే ఊళ్ళో ఉండండి.