పెట్టె తాళంచెవి

మా పలమనేరు బడిలో గోడకు ఫిర్యాదుల పెట్టె కొట్టినారు. ఎవురైనా ఏడిపిస్తే చీటీ రాసి ఎయ్యండి పిలకాయలూ అన్నారు. మా మాదిగోళ్ల పిల్లోడు రాసినాడు: ‘నన్ను పేరు పెట్టి పిలవరు, కులం పెట్టి పిలుస్తారు.’ రిజిస్టరులో ‘పిల్లల అల్లరి’ అని ఎక్కింది. అడిగితే, బడిలోకి కులాన్ని తెచ్చేది నువ్వే సారూ అన్నారు.

నేనా? నా పేరు హాజరుపట్టీలో ఉండేదేగానీ మా అయ్యోరి నోట్లో ఏనాడూ లేదే! కులంతో దూషిస్తే నేరమని 1989 చట్టం. మానసిక వేధింపు కూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్. అది పిలకాయలకు కాదు, మన అయ్యోర్లకు పెట్టిన కట్టడి. పెట్టె తాళంచెవి మాత్రం మన స్టాఫ్‌రూములోనే!

చించబోతుంటే ఆ చీటీ లాక్కున్నా. తల్లిదండ్రుల కమిటీ మీటింగులో, వాళ్లమ్మ ముందర, గట్టిగా చదువుతా.