అలగానిపాడు, వాకాడు, మారేడుమిల్లి

2007 సెప్టెంబరు 7న మావోయిస్టుల మందుపాతర పేలింది నల్లమలలో కాదు, మన్యంలోనూ కాదు. నెల్లూరు జిల్లా కోట మండలం విద్యానగర్ దగ్గర. ఆ దారిన పోతుంటే కనిపించేవి వరిమళ్లు, సరుగుడు తోపులు, రొయ్యల గుంటలు. ఇంకాస్త తూర్పుకు పోతే బకింగ్‌హాం కాలువ, దాని అవతల సముద్రం. దాక్కోవడానికి గుట్ట కూడా లేని నేల. మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి, అప్పట్లో రాష్ట్ర మంత్రిగా ఉన్న ఆయన భార్య రాజ్యలక్ష్మి ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్ల వెంట వస్తున్న ముగ్గురు చనిపోయారు. 1992 మేలో మావోయిస్టు పార్టీకి పూర్వరూపమైన పీపుల్స్‌వార్‌ను నిషేధించింది వాకాడుకు చెందిన ఈ జనార్దనరెడ్డి ప్రభుత్వమే. పదిహేనేళ్ల నాటి ఆ పాత బాకీని వసూలు చేసుకోవడానికి వచ్చినవాళ్లు, నిషేధం జీవో మీద సంతకంతో ఏ సంబంధమూ లేని ముగ్గురి దగ్గర దాన్ని వసూలు చేసుకున్నారు.

ఆ వార్త విన్నప్పుడు ఎవరికైనా తట్టేది ఒకటే: అన్నలు సముద్రం ఒడ్డు దాకా వచ్చేశారు. నిజానికి జరిగింది దానికి తలకిందులు. అంతకు ఏడాది ముందే, 2006 జులైలో, మావోయిస్టుల రాష్ట్ర కార్యదర్శి మాధవ్ మరో ఏడుగురితో కలిసి నల్లమల ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. ఉత్తర తెలంగాణలో దళాలు అంతకు చాలా ముందే పలచబడ్డాయి. కాళ్ల కింద నేల జారిపోతున్నవాళ్లు విసిరిన చివరి రాయి విద్యానగర్ పేలుడు. 2003 అక్టోబరు 1న అలిపిరిలో చంద్రబాబు కాన్వాయ్ కింద పేలిన మందుపాతరలూ అంతే. 2018 సెప్టెంబరులో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను చంపడమూ అంతే. ఆంధ్ర ఒడిశా సరిహద్దులోని రామగూడలో 2016 అక్టోబరులో పార్టీ ముప్పైమంది దాకా పోగొట్టుకున్న తర్వాతి సంగతి అది.

ఆ పార్టీ నిజంగా బలంగా ఉన్న రోజుల్లో చప్పుడు తక్కువ. 1980ల మొదట్లో ఆదిలాబాద్‌లోనో కరీంనగర్‌లోనో దాని బలం తునికాకు కట్టకు రేటు పెరగడంలో ఉండేది. నాగలికింత, మంచానికింత అని అటవీ గార్డు అడిగే మామూలు ఇక ఇవ్వక్కర్లేదన్న ధీమాలో ఉండేది. తగాదా వస్తే మునసబు కోర్టుకు పోయే దారిని జనం మరిచిపోవడంలో ఉండేది. పేలుళ్ల చప్పుడు పెరిగేకొద్దీ ఆ పంచాయితీలు తగ్గిపోయాయి. కాబట్టి హింస పెరిగిందంటే తిరుగుబాటు బలపడిందని పత్రికల్లో మేం రాసిన రాతల్లో సగం తప్పు. ఇప్పుడు శవాల లెక్క పెరిగిందంటే సమస్య తీరిందనుకోవడమూ అదే జాతి పొరపాటు.

వాకాడు నుంచి తీరం వెంట ఉత్తరానికి ఒక పూట ప్రయాణం చేస్తే విడవలూరు మండలంలో అలగానిపాడు వస్తుంది. 1913 మే 1న పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి పుట్టిన ఊరు. తోక తీసేసుకుని సుందరయ్య అయ్యాడు. ఆ ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టడంతో మొదలుపెట్టి, తెలంగాణ సాయుధ పోరాటాన్ని నడిపిన ముఖ్యుల్లో ఒకడయ్యాడు. ఒకే జిల్లా, ఒకే తీరం, ఇద్దరూ భూమి ఉన్న రెడ్ల ఇళ్లలో పుట్టినవాళ్లే. ఒకరు తుపాకి పట్టించారు, ఇంకొకరు తుపాకి పట్టినవాళ్లను నిషేధించారు. ఈ పోలిక ముచ్చటగా ఉందని ఇక్కడ ఆగితే అసలు సంగతి జారిపోతుంది. అసలు సంగతి సుందరయ్య తుపాకి దించిన తీరులో ఉంది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. నాలుగు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ వదిలింది. మరి తుపాకులు ఏం చేయాలి? రావి నారాయణరెడ్డి ఇక ఆపేద్దామన్నాడు. ఆంధ్ర నాయకత్వం, అందులో సుందరయ్య కూడా, జనం పంచుకున్న భూమిని కాపాడుకోవాలంటే కొనసాగించాల్సిందేనంది. మూడేళ్లు సైన్యం వేటాడింది. ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి కంచెల మధ్యకు చేర్చారు, దళాలు గోదావరి దాటి అడవుల్లోకి వెళ్లాయి. చివరికి 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమిస్తున్నట్టు కమ్యూనిస్టు పార్టీ ప్రకటించింది.

ఆ విరమణ ఎలా కుదిరిందో చూడాలి. సైన్యం ఒక్కటే పని చేయలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో రక్షిత కౌలుదారు చట్టం వచ్చింది. భూమి సంగతి తేలందే తుపాకి సంగతి తేలదని ప్రభుత్వానికి అర్థమైంది. పైగా ఎదురుగా ఎన్నికలున్నాయి. కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలో అందరికన్నా, నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచాడు. నిన్నటిదాకా అజ్ఞాతంలో ఉన్న సుందరయ్య 1952లో రాజ్యసభకు వెళ్లాడు. సైకిల్ తొక్కుకుంటూ పార్లమెంటుకు పోయేవాడు. ఆ సైకిల్‌ను నిరాడంబరతకు గుర్తుగా మనం పాఠాల్లో చెప్పుకుంటాం. నాకు మాత్రం అది వేరేలా కనిపిస్తుంది. ఒక రాజ్యం తన మీద తుపాకి ఎత్తిన మనిషిని కొన్ని నెలల తేడాలోనే తన గేటు లోపలికి రానిచ్చింది. అతను కూడా తల వంచుకుని కాదు, తన పార్టీ నిర్ణయంతో, తన జెండాతో వచ్చాడు. సైన్యం ఎంత కఠినంగా ఉన్నా ఆ గేటు మూయలేదు.

ఇక్కడ ఒక మాట. పేదరికం ఉన్నచోటల్లా తిరుగుబాటు పుడుతుందనేది మన వ్యాసాల్లో అరిగిపోయిన వాక్యం. అదే నిజమైతే నెల్లూరు తీరంలో యానాదులు ఎప్పుడో తుపాకి పట్టాలి. శ్రీహరికోట దీవిలో రాకెట్ కేంద్రం కోసం ఖాళీ చేసి వచ్చినవాళ్లు వాళ్లు. రొయ్యల గుంటల కాపలాకు, అప్పు కింద వెట్టికి కుదిరేవాళ్లలో వాళ్లే ఎక్కువ. అయినా ఇక్కడ దళం నిలవలేదు. తీరంలో అడవి లేదు. తాలూకా కచేరీ, పోలీసు ఠాణా, చెన్నైకి పోయే జాతీయ రహదారి అన్నీ కూతవేటు దూరం. తిరుగుబాటుకు కడుపుమంట చాలదు. నిలబడే చోటు కావాలి, ఆ చోట సర్కారు లేకపోవాలి, నడిపించే మనిషి బయటి నుంచి రావాలి. నెల్లూరులో కోపం వేరే దారి పట్టింది. నక్సలైట్లను నిషేధించిన 1992లోనే, అదే ముఖ్యమంత్రి సొంత జిల్లాలో, దూబగుంట ఆడవాళ్లు ముట్టించిన సారా వ్యతిరేక పోరు కలెక్టరాఫీసుకు చేరింది. సారా పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు నాటికి రాష్ట్రమంతటా సారా బంద్ అయింది. ఏ దళమూ సాధించలేని పనిని చీపుర్లు, కారప్పొడి సాధించాయి. వినే చెవి ఒకటి అందుబాటులో ఉండటం అందులో సగం కారణం. బస్తర్‌లోని గోండు మహిళకు అలాంటి కలెక్టరాఫీసు ఎన్ని రోజుల నడకో లెక్కేసుకోండి.

మావోయిస్టులను ఓడించడం ఎలాగో దేశానికి నేర్పింది తెలుగు పోలీసే. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ తీర్చిదిద్దిన గ్రేహౌండ్స్ పద్ధతి వినడానికి సాదాగా ఉంటుంది. పెద్ద బలగాన్ని రోడ్డు మీద లారీల్లో తిప్పరు, ఎందుకంటే మందుపాతర కోరుకునేది అదే. చిన్న జట్లు రాత్రిపూట కాలినడకన అడవిలోకి దిగుతాయి. కచ్చితమైన కబురు ఉంటేనే కదులుతాయి. మూడు నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి. ఆ కబురు తెచ్చేది పోలీసు నిఘా విభాగం ఎస్‌ఐబీ. ఊళ్లో ఎవరింట్లో బియ్యం ఎక్కువ ఉడుకుతున్నాయో కనిపెట్టడం దగ్గర నుంచి, జ్వరంతో పట్నం ఆసుపత్రికి వచ్చిన దళ సభ్యుణ్ని గుర్తుపట్టడం దాకా దాని పని. ఇంకోపక్క మట్టిరోడ్డుకు తారు పడింది. తవ్వి కప్పేసిన గుంట మట్టిలో కనపడదు గానీ తారులో అతుకు తెలిసిపోతుంది. అందుకే మావోయిస్టులు కల్వర్టుల కిందికి మారారు, పోలీసులు కల్వర్టు కల్వర్టుకూ దిగి వంగి చూడటం అలవాటు చేసుకున్నారు. ఈ ఓపికే గెలిచింది.

దానికి కట్టిన వెల గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం. 1993 జనవరిలో లాల్‌బహదూర్ స్టేడియంలో వ్యాస్‌ను కాల్చి చంపిన కేసులో నిందితుడు అప్పటి నక్సలైటు నయీం. తర్వాత అతనే నక్సలైట్లకు శత్రువయ్యాడు. పోలీసుల్లో కొందరి అండ ఉందన్న ఆరోపణల మధ్య భూదందాల సామ్రాజ్యం కట్టాడు. 2016 ఆగస్టులో షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లోనే పోయాడు. పౌరహక్కుల సంఘం నాయకులు పురుషోత్తంను 2000లో, ఆజం అలీని 2001లో పట్టపగలు నరికి చంపారు. ఇవి అడవిలో యుద్ధం కాదు. యుద్ధం కోసం పెంచిన చీకటి మనుషులు పట్నంలోకి రావడం.

మన రాష్ట్రంలోనూ గేటు ఒకసారి తెరుచుకుంది. 2004 అక్టోబరులో నల్లమల నుంచి మావోయిస్టు నేత రామకృష్ణ దిగి వచ్చి, హైదరాబాద్ మంజీరా అతిథిగృహంలో నాలుగు రోజులు ప్రభుత్వంతో ఎదురుగా కూర్చున్నాడు. హోంమంత్రి జానారెడ్డి అటు, ఎస్.ఆర్. శంకరన్, కన్నబిరాన్ వంటి పెద్దలు మధ్యలో. ఊళ్లలోకి ఆయుధాలతో రావచ్చా లేదా అన్న దగ్గర చిక్కుపడి, జనవరిలో ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలై, ఆగస్టు 15న ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి హత్యతో కథ ముగిసింది. ఇందులో ఇద్దరి తప్పూ ఉంది. మావోయిస్టులు ఆ విరామాన్ని బలం పెంచుకోవడానికి వాడుకున్నారు, పోలీసులు వాళ్ల ముఖాలు గుర్తుపెట్టుకోవడానికి వాడుకున్నారు. అయినా చర్చల వేడిలోనే కోనేరు రంగారావు భూమి కమిటీ పుట్టింది. అసైన్డ్ భూములు, గిరిజన భూములు ఎవరి చేతుల్లోకి పోయాయో ఊరూరూ తిరిగి రాసింది. తుపాకి పోయింది, కమిటీ సిఫార్సుల కట్ట మిగిలింది. అది ఇప్పటికీ చదవదగ్గదే.

ఆ తర్వాత మావోయిస్టుల ఏరివేతకు ఆపరేషన్ కగార్ వచ్చింది. ఒక్క ఛత్తీస్‌గఢ్‌లోనే 2024లో రెండు వందల మందికి పైగా మావోయిస్టులు చనిపోయారు. 2025 మే 21న అబూజ్‌మఢ్‌లో ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు పోయాడు. శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేట మనిషి. ప్రభావిత జిల్లాలు పదకొండుకు తగ్గాయని ఆ అక్టోబరులో కేంద్ర హోంశాఖ చెప్పింది. మావోయిస్టులను పూర్తిగా తుడిచిపెట్టడానికి 2026 మార్చి 31 అని గడువు పెట్టుకుంది. సైనికంగా ఇది గెలుపు కాదనడం మొండితనం. పంచాయతీ సర్పంచిని, ఇన్‌ఫార్మరని అనుమానం వచ్చిన కూలివాణ్ని చంపిన పార్టీ మీద నాకు జాలి లేదు.

కానీ గేటు సంగతి? 2025లో ఆ పార్టీ నుంచి కాల్పుల విరమణ లేఖలు వచ్చాయి. ముందు ఆయుధాలు పడేయండి, తర్వాతే ఏదైనా అని ప్రభుత్వం తోసిపుచ్చింది. అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు అరవై మందితో గడ్చిరోలిలో, తక్కళ్లపల్లి వాసుదేవరావు రెండు వందల పదిమందితో జగదల్‌పూర్‌లో ఆయుధాలు అప్పగించారు. సాయుధ పోరాటం ఆపాలన్న వేణుగోపాలరావు వాదన 1951 నాటి వాదనే. అప్పుడు పార్టీ మొత్తం చర్చించి తేల్చుకున్నదాన్ని ఇప్పుడు ఒక్కో మనిషి పోలీసు వేదిక మీద, రివార్డు చెక్కు పక్కన నిలబడి చెప్పాల్సి వచ్చింది. మిగిలినవాళ్లు అతన్ని ద్రోహి అన్నారు. లొంగుబాటుకూ విరమణకూ తేడా అది. విరమించినవాడు తన జనాన్ని వెంట తీసుకొస్తాడు. లొంగినవాడు తనను మాత్రమే తెచ్చుకుంటాడు. ప్రభుత్వం మొదటిది కోరుకోవాలి గానీ రెండోదానితో సంతోషపడుతోంది.

నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు హిడ్మా, మరో అయిదుగురు చనిపోయారు. పట్టుకుని చంపారని హక్కుల సంఘాలు, కాదని పోలీసులు. ఎన్‌కౌంటర్ మరణాలపై విడిగా దర్యాప్తు జరగాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది కాబట్టి ఆ వాదన తేల్చే దారి చట్టంలో ఉంది. అదే రోజుల్లో విజయవాడ శివార్లలో, కాకినాడలో, మరికొన్ని కోస్తా జిల్లాల్లో యాభై మంది దాకా దొరికారు. పట్టుబడ్డవాళ్లలో ఎక్కువమంది ఛత్తీస్‌గఢ్ వాళ్లు. మళ్లీ కోస్తా. ఈసారి మందుపాతరతో కాదు, తలదాచుకోవడానికి వచ్చారు. నలభై ఏళ్లుగా ఆ పార్టీ పైమెట్టు మీద తెలుగువాళ్లు, కిందిమెట్టు మీద గోండులు, కోయలు. అపార్ట్‌మెంట్లు, ఆటోల మధ్య ఆ పిల్లలను వ్యాన్ ఎక్కిస్తుంటే చుట్టూ గుమిగూడిన జనానికి వాళ్ల భాష రాదు, వాళ్లకు ఈ జనం భాష రాదు. వాళ్లను ఈ ఊరి దాకా నడిపించుకొచ్చింది తెలుగు.