కెమికల్ ఇంజనీరింగ్‌తో పాటు ఇంకేం చదవాలి?

కెమికల్ ఇంజనీరింగ్‌లో చేరిన ఆడపిల్లకి ఇంట్లోవాళ్ళూ, లెక్చరర్లూ కూడబలుక్కున్నట్టు ఒకే సలహా ఇస్తారు. పక్కన కంప్యూటర్స్ కూడా చదువమ్మా, ఫ్యాక్టరీ గొడవ నీకెందుకు అని. ఇప్పుడు చాలా కాలేజీల్లో బి.టెక్.తో పాటు మైనర్ డిగ్రీ చేయొచ్చు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యు.జి.సి. 2022లో అనుమతించింది. అవకాశాలు పెరిగాయి, సలహా మాత్రం మారలేదు.

ఆ సలహా వెనక కారణం లేకపోలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ స్త్రీలకు రాత్రి పనిని నిషేధించింది. 2000లో మద్రాసు హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. అయినా రాత్రి షిఫ్టు చేయనివాళ్ళని ప్లాంటు మేనేజర్లని ఎవరు చేస్తారు? కంప్యూటర్ ఉద్యోగంతో తన కాళ్ళమీద తను నిలబడే అమ్మాయిని తప్పుపట్టే హక్కు మనకి లేదు. కానీ అందరినీ అటే తోలితే ప్లాంటు గురించి తెలిసిన ఆడవాళ్ళు ప్లాంటు బయటే మిగిలిపోతారు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకుంది. 12 మంది చనిపోయారు. స్టైరీన్ వేడెక్కితే దానంతటదే పాలిమర్‌గా మారుతుందనీ, మారుతూ మరింత వేడి పుట్టిస్తుందనీ కెమికల్ విద్యార్థినికి తెలుసు. నిద్రపోతున్న ఊరికి సైరన్ ఎవరు మోగించాలి, ఆ గాలి పీల్చిన గర్భిణి ఆరోగ్యాన్ని ఎన్నేళ్ళు గమనించాలి అన్నవి ఆమె సిలబస్‌లో ఉండవు.

అందుకే నా ఓటు ప్రజారోగ్యానికి. 1984 భోపాల్ విషవాయువు తర్వాత అందరి దృష్టీ కళ్ళు, ఊపిరితిత్తుల మీదే ఉంది. 1985లో డాక్టర్లు రాణీ బంగ్, మీరా సద్గోపాల్ బస్తీల్లో స్త్రీలను పరీక్షించి తెల్లబట్ట, కటి భాగపు ఇన్‌ఫెక్షన్లు నమోదు చేశారు. అడిగితేనే బయటపడిన జబ్బులవి. పర్యావరణ ఇంజనీరింగ్ మంచిదే గానీ అది ఎక్కువగా మురుగునీటి శుద్ధి దగ్గరే ఆగిపోతుంది. న్యాయశాస్త్రం బి.టెక్. అయ్యాక మూడేళ్ళలో చదువుకోవచ్చు.

భోపాల్ తర్వాత 1987లో వచ్చిన చట్ట సవరణ, రసాయనాల మధ్య పనిచేసేవారి ఆరోగ్య రికార్డులు యాజమాన్యం ఉంచాలనీ, వాటిని కార్మికులు చూసే వీలుండాలనీ చెప్పింది. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే కాంట్రాక్టు కార్మికురాలికి ఆ కాగితం దొరికినా చదివి చెప్పేదెవరు? పటాన్‌చెరు, జీడిమెట్ల లాంటి చోట్ల పనిచేస్తున్న మన సంఘాలు ఈ విద్యార్థినుల్ని వేసవి ప్రాజెక్టులకు పిలవొచ్చు. భోజనం, బస్సు ఛార్జీలు ఇవ్వగలిగితే చాలు, వస్తారు.