భోజనశాల లైసెన్సు ఎవరి పేరిట?

కార్మికుడు పనిస్థలంలో తినే అన్నం యాజమాన్యపు దయాధర్మం కాదు. పోరాడి సాధించుకున్న హక్కు. 250 మందికి మించి పనిచేసే కర్మాగారంలో క్యాంటీను నడపవలసిందిగా యజమానిని నిర్బంధించే అధికారాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వాలకిచ్చింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి ఈ సంఖ్యను 100కు తగ్గించి, కాంట్రాక్టు కార్మికులను సైతం లెక్కలో చేర్చింది. కార్మిక స్మృతులపై మన వ్యతిరేకత సడలనవసరం లేదు. చేతికందిన ఈ ఒక్క అంశాన్ని వదలుకోనవసరమూ లేదు.

అయితే పొయ్యి వెలిగించినంత మాత్రాన క్యాంటీను నడవదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 31వ సెక్షను ప్రకారం లైసెన్సు గాని, చిన్న వ్యాపారమైతే రిజిస్ట్రేషను గాని ఉండితీరాలి. నగరాలలో నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు దీనికి తోడు. ఈ నిబంధనలను మేము తప్పుపట్టడం లేదు. నీరు పరీక్షించమన్నా, వంటవారికి ఏటా వైద్యపరీక్ష జరపమన్నా, టీకాలు వేయించమన్నా అది తినేవారి మేలుకే. కలుషితాహారంతో మంచం పట్టేది కార్మికుడే గాని కంపెనీ డైరెక్టరు కాదు.

మా ప్రశ్న వేరు: ఆ లైసెన్సు ఎవరి పేరిట ఉండాలి? దాని భారం ఎవరు మోయాలి?

మేము చిరకాలంగా పనిచేస్తున్న ఒక పారిశ్రామికవాడలోని కర్మాగారంలో క్యాంటీను గుత్త ఏడాదిలో రెండుమార్లు చేతులు మారింది. లైసెన్సు గుత్తేదారు పేరిట ఉన్నందున అతనితోపాటే అదీ పోయింది. కొత్త గుత్తేదారు దరఖాస్తు తేలేవరకు ఆరు వారాలపాటు పొయ్యి ఆరిపోయింది. కార్మికులు గేటు బయట బండ్ల వద్ద రెట్టింపు ధరకు తిన్నారు. ఏళ్ల తరబడి అక్కడ వండిన ఎనిమిదిమంది స్త్రీలు ఇంట కూర్చున్నారు. తిరిగి పనిలోకి తీసుకున్నప్పుడు వైద్యపరీక్షల ఖర్చు వారి జీతాలలో కోశారు; పాత సర్వీసును లెక్కలోంచి తీసివేశారు. వారిలో పెద్దావిడ మా కార్యాలయానికి వచ్చి, “కాగితం లేనిది వాళ్లకు, పస్తులు మాకా అయ్యా?” అని అడిగింది. ఆమెకు మేము చెప్పగలిగిన జవాబు లేకపోయింది.

ఇది కేవలం గుత్తేదారుని అలసత్వం కాదు. రైల్వేలలోని చట్టబద్ధ క్యాంటీన్ల సిబ్బంది రైల్వే ఉద్యోగులేనని సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పింది. కాని 2014లో ఎయిర్ ఇండియా క్యాంటీను కేసులో, అదుపు ఎవరిదన్న ప్రశ్నను ప్రధానం చేసి, అక్కడి సిబ్బందికి ఆ హోదా నిరాకరించింది. అట్టి స్థితిలో గోడకు వేలాడే లైసెన్సుపై గుత్తేదారు పేరుంటే, వంటవారు తమవారు కారని వాదించడానికి యాజమాన్యానికి మరొక ఆధారం దొరికినట్లే.

కనుక యూనియన్లు ఈ క్రింది కోర్కెలను తమ కోర్కెల పత్రంలో చేర్చాలని మేము సూచిస్తున్నాము. లైసెన్సు ప్రధాన యజమాని పేరిటనే ఉండాలి. గుత్తేదారు మారినా వంటవారి సర్వీసు కొనసాగాలి. వైద్యపరీక్షల, టీకాల ఖర్చు యాజమాన్యమే భరించాలి. క్యాంటీను కమిటీలో కార్మిక ప్రతినిధులుండాలి. లైసెన్సు, నీటి పరీక్షల నకళ్లు వారి చేతికందాలి. మరొక సంగతి గుర్తుంచుకోవాలి: దరఖాస్తు చేసిన రెండు నెలలలో లైసెన్సు ఇవ్వకుండా, తిరస్కరించకుండా ఉంటే, ఆ పిమ్మట వ్యాపారం ప్రారంభించవచ్చునని అదే 31వ సెక్షను అనుమతిస్తున్నది. గుత్త ముగియడానికి ముందే దరఖాస్తు పెట్టించగలిగితే ఒక్కపూట కూడా పొయ్యి ఆరనవసరం లేదు.

వంటవారే సహకార సంఘంగా ఏర్పడి, తమ సంఘం పేరిట లైసెన్సు కోరే మార్గమూ ఉన్నది. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయగా, 1957 నుండి ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో కార్మికులు సహకార సంఘాలు పెట్టి ఇండియా కాఫీ హౌసులను తామే నడుపుకున్నారు. గుత్తేదారు లేనిదే గిన్నె పొయ్యెక్కదన్న వాదానికి అంతకు మించిన సమాధానం లేదు.

లైసెన్సు చిన్న కాగితమే. కాని వందల మంది అన్నం, పదిమంది వంటవారి బ్రతుకు దానిమీద ఆధారపడి ఉన్నాయి. దానిపై ఎవరి పేరున్నదో రేపే మీ క్యాంటీను గోడపై చదవండి.