పులా? మనిషా?

ట్విస్టు అదిరితే చాలు, థ్రిల్లర్ గొప్పదని రివ్యూలు రాసేవాళ్లతో నాకు పేచీ. ట్విస్టు ఒక్కసారే పేలే టపాకాయ. మరి వంశీ ‘అన్వేషణ’ (1985)ని, హంతకుడెవరో తెలిసి కూడా మళ్లీ ఎందుకు చూస్తున్నాం? అడవిలో మనుషులు చస్తున్నారు. పులి పనే అంటారు. ఆ మాట మనకి పూర్తిగా నమ్మబుద్ధి కాదు. అక్కణ్నుంచి ఏ పొద కదిలినా రెండు భయాలు. ఇళయరాజా సంగీతం ఆ సందేహాన్ని తీర్చదు, ఇంకా పెంచుతుంది. మా నందిపేట్ దిక్కు రాత్రిపూట చెరుకుతోట గట్టున నడిచినోళ్లకి ఇది తెలుసు: గుండె జారేది అడవిపంది కనబడ్డాక కాదు, ఆకు చప్పుడైనప్పుడే. ఇప్పటి థ్రిల్లర్లు ఆ చప్పుడు వినబడనియ్యవు. మోతతో నింపేసి, చివర్లో ఫ్లాష్‌బ్యాక్ పెట్టి లెక్క అప్పజెప్తాయి. సగం చెప్పి, మిగతా సగానికి ప్రేక్షకుణ్ని కాపలా పెట్టే ఓపిక ఉన్నోడే సస్పెన్స్ తీయగలడు.