జీవితకాలం గ్యారంటీ - ఎవరి జీవితకాలం?

బోరు మోటారు కాలిపోతే రైతుకు ప్రతి గంటా లెక్కే. వరి పొట్ట మీద ఉంటుంది, మడిలో నెర్రెలు మొదలవుతాయి. మెకానిక్ వచ్చి మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, చైను పుల్లీ తగిలించి, పైపుకు క్లాంపు వేసి ఒక్కొక్కటే పైకి లాగుతాడు. ఆరువందల అడుగుల లోతున దించిన మోటారు అయితే ఇరవై అడుగుల పైపులు ముప్పై. ముప్పైసార్లు క్లాంపు బిగించాలి, ముప్పైసార్లు విప్పాలి. ఇంత పనీ నడిచేది రెండు పానాల మీద, ఒక పైపు పానా మీద.

ఈ వేసవిలో మా సభ్యుల్లో ఒకరి పొలంలో సరిగ్గా ఇక్కడే దెబ్బపడింది. క్లాంపు బోల్టు బిగిస్తుండగా పానా నోరు తెరుచుకుంది. నట్టు మూలలు కొట్టుకుపోయాయి. ఆ నట్టు ఇక బిగియదు, ఊడిరాదు. సగం బిగిన క్లాంపు బరువుకు జారి, మోటారు, కేబులు, పైపులు అన్నీ బోరులోకి పోయాయి. మెకానిక్ చెయ్యి అడ్డం పెట్టి ఉంటే చెయ్యి కూడా పోయేదే. ఆ రైతుకు మోటారు పోయింది, బోరు పనికిరాకుండా పోయింది, పంట ఎండిపోయింది. ఇంటింటికీ తిరిగి పని చేసుకునే ఆ మెకానిక్‌కు ఊళ్లో పేరు పోయింది.

ఆ పానా వచ్చిన డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'లైఫ్ టైమ్ గ్యారంటీ' అని అచ్చు వేసి ఉంది. కొని ఏడు నెలలైంది.

మేము ఆ మెకానిక్‌తో కలిసి కొట్టుకు వెళ్లాం. కొట్టాయన బిల్లు అడిగాడు. బిల్లు ఇవ్వనిది ఆయనే. ఆ మాటంటే 'కంపెనీ వాళ్లను అడగండి' అన్నాడు. డబ్బా మీది నంబరుకు ఫోను చేస్తే ఫొటో పంపమన్నారు. పంపాం. నాలుగు రోజుల తర్వాత వచ్చిన జవాబు: ఇది మామూలు అరుగుదల, గ్యారంటీ కిందకి రాదు. ఏడు నెలలకే అరిగిపోవడం మామూలైతే, డబ్బా మీద రాసిన జీవితకాలం ఎవరిదని మేము అడుగుతున్నాం. కొన్న మనిషిదా, పానాదా, కంపెనీదా? పానాదే అంటే, పానా పోయిన రోజుతో దాని జీవితకాలం కూడా ముగిసినట్టే కదా! అలాంటి గ్యారంటీ మట్టికుండకు కూడా ఇవ్వొచ్చు.

ఇందులో ఇనుము సంగతి కొంత తెలుసుకోవాలి. మంచి పానాను క్రోమ్ వెనేడియం వంటి మిశ్రమ ఉక్కుతో చేస్తారు. ఎర్రగా కాల్చి, అచ్చులో పెట్టి సమ్మెట దెబ్బతో రూపం తెస్తారు. తర్వాత కాల్చి చల్లార్చి గట్టిపరుస్తారు, మళ్లీ తక్కువ వేడి మీద కాచి పెళుసుతనం తీస్తారు. ఈ చివరి రెండు పనులే ప్రాణం. మెత్తగా ఉంటే నోరు తెరుచుకుంటుంది, మరీ గట్టిపడితే పుటుక్కున విరుగుతుంది. మన ఊరి కమ్మరికి ఇది కొత్త సంగతేం కాదు. లారీ కమాను పట్టీ తెచ్చి కత్తి చేసినా, కొడవలికి కక్కు కొట్టినా, రంగు చూసి వేడి పట్టుకోవడం, అదను చూసి నీళ్లలో ముంచడం అతని విద్య. కొడవలి పదును నిలవకపోతే మర్నాడు పొద్దున్నే వెళ్లి కొలిమి దగ్గర నిలబడేవాళ్లం. అతను మళ్లీ కాల్చి ఇచ్చేవాడు, డబ్బులు అడిగేవాడు కాదు. గ్యారంటీ అన్న మాట ఆయన నోట మేము ఎన్నడూ వినలేదు.

ఇప్పుడు మండల కేంద్రంలో మనకు దొరికే చవక పానాల్లో చాలావాటి పైన తళతళలాడే పూత ఉంటుంది. లోపల ఏ ఉక్కో, దాన్ని కాల్చారో లేదో, కళ్లతో చూసి చెప్పగల మొనగాడు లేడు. పూత పగుళ్లను కూడా దాస్తుంది. పక్కపక్కనే నూట యాభైకి ఒకటి, ఐదువందలకు ఒకటి పెడతారు, రెండింటి మీదా అదే 'క్రోమ్ వెనేడియం', అదే 'లైఫ్ టైమ్'. రెండు డబ్బాల మీదా ఒకే మాట ఉన్నప్పుడు రైతు చవకది కొంటాడు. దానికి రైతును తప్పుపట్టడం అన్యాయం.

ఈ దేశంలో మంచి పానా చేయడం చేతకాదా అంటే, అదీ కాదు. జలంధర్, లూధియానాల్లో తయారైన చేతి పనిముట్లు అమెరికాకు, ఐరోపాకు ఎగుమతి అవుతున్నాయి. భారతీయ ప్రమాణాల సంస్థ ఫిక్స్ పానాలకు ఐఎస్ 2028, రింగ్ పానాలకు ఐఎస్ 2029 అని ప్రమాణాలు ఎప్పుడో రాసిపెట్టింది. ప్రమాణం ఉంది, చేసే చెయ్యి ఉంది. పరాయి దేశపు మెకానిక్‌కు మంచి సరుకు పంపే దేశంలో మన బోరు మెకానిక్‌కు మాత్రం పూత పూసిన తుక్కు ఎందుకు అంటగడుతున్నారు?

జీవితకాలం గ్యారంటీ ఇస్తే కంపెనీలు మునిగిపోతాయని వ్యాపారులు వాదిస్తారు. అమెరికాలో సియర్స్ అనే దుకాణాల సంస్థ 1927లో క్రాఫ్ట్స్‌మన్ పేరుతో పనిముట్లు తెచ్చింది. విరిగిన పానాను కొట్టులో బల్ల మీద పెడితే, బిల్లు కూడా అడక్కుండా కొత్తది చేతిలో పెట్టడం ఆ పేరుకు గుర్తుగా నిలిచింది. అక్కడి మెకానిక్కులు, రైతులు దశాబ్దాల పాటు ఆ నమ్మకం మీదే కొన్నారు. సియర్స్ 2017లో ఆ పేరును స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్‌కు అమ్మింది, 2018 అక్టోబరులో దివాలా కోర్టుకెక్కింది. చూశారా, మునిగింది కదా అని మన వ్యాపారి చంకలు గుద్దుకోవచ్చు. కానీ తొంభై ఏళ్లు ఆ గ్యారంటీతోనే వ్యాపారం చేసి, చివరికి ఆ పేరును కూడా కోట్ల డాలర్లకు అమ్ముకున్నారు. సరిగా పదును పెట్టిన ఉక్కు అంత తొందరగా విరగదు, కాబట్టి మార్చి ఇవ్వాల్సినవి కొన్నే ఉంటాయి. గ్యారంటీకి భయపడే కంపెనీకి తన ఉక్కు సంగతి తెలుసన్నమాట.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. పానాను సుత్తిలా వాడతాం. పిడికి రెండడుగుల పైపు తొడిగి వేలాడతాం. పద్నాలుగు నంబరు నట్టుకు పదిహేను పానా పెట్టి సందులో స్క్రూడ్రైవర్ దోపుతాం. అలా విరిచి గ్యారంటీ అడిగితే మేము వెనకేసుకురాము. మెకానిక్‌కు ఇవ్వాల్సిన కూలీ దగ్గర గీచిగీచి బేరమాడి, అతను మంచి పనిముట్లు కొనుక్కోలేదేమని ఎదురడగడం కూడా మనకు తగదు.

పాలకుల లెక్కల్లో ఈ మెకానిక్ ఎక్కడా కనిపించడు. 2023 సెప్టెంబరులో కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. పనిముట్లకు 15,000 రూపాయల సాయం అందులో ఉంది. కమ్మరి, వడ్రంగి నుంచి చేపల వలలు అల్లేవారి దాకా 18 వృత్తులను చేర్చారు. మంచిదే, వాళ్లందరికీ అందాల్సిందే. మోటారు మెకానిక్, ట్రాక్టరు మెకానిక్ ఆ జాబితాలో లేరు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పారను, కొడవలిని పన్ను లేకుండా వదిలి, పానాను 18 శాతంలో పెట్టారు. పొలానికి నీళ్లు రావడానికి పారకన్నా ముందు పానా కావాల్సిన కాలమిది. ఢిల్లీ వాళ్లకు అది తెలియదు. యాంత్రీకరణ పేరుతో అద్దె కేంద్రాలకు ట్రాక్టర్లు, రోటవేటర్లు సబ్సిడీ మీద ఇస్తారు. అవి చెడిపోతే విప్పడానికి ఒక్క పనిముట్ల పెట్టె ఉన్న కేంద్రం మాకు ఇంతవరకు కనబడలేదు.

చట్టం చేతిలో ఉంది, వాడుకోవడమే తెలియాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. తగిన పరీక్ష లేకుండా ఇంతకాలం మన్నుతుందని గ్యారంటీ ప్రకటించడం కూడా అంతే. మెకానిక్ దాన్ని సంపాదన కోసం కొన్నాడు, అతను వినియోగదారుడు కాడు అని కంపెనీ లాయరు లేస్తాడు. బతుకుదెరువు కోసం, సొంత పనికి తానే వాడుకునే వస్తువు కొన్నవాడు వినియోగదారుడేనని చట్టంలోనే స్పష్టంగా రాసి ఉంది. మోసం ఎక్కడ కొన్నా, మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

విత్తనాల కేసును గుర్తు చేసుకోండి. మన రైతులే నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద పోరాడారు. 2012 జనవరిలో సుప్రీంకోర్టు విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని తేల్చింది. పరీక్షకు నమూనా ఏదని రైతును అడిగిన కంపెనీ వాదన నిలవలేదు, ఎందుకంటే కొన్న విత్తనమంతా రైతు చల్లేస్తాడు. పానా విషయంలో ఆ ఇబ్బంది కూడా లేదు. విరిగిన ముక్క మన చేతిలోనే ఉంటుంది. దాన్ని ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించే అధికారం కమిషన్‌కు ఉంది.

అందుకే మేము గట్టిగా అడుగుతున్నాం. పానా మీద ఏ ఉక్కో, ఎవరు చేశారో చెరగకుండా చెక్కాలి. గ్యారంటీ షరతులు తెలుగులో, డబ్బా పైన, చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. కొన్న కొట్టులోనే మార్చి ఇవ్వాలి, ఫొటోల తంతు వద్దు. ప్రాథమిక సహకార సంఘాలు ఎరువుల బస్తాలతో పాటు ఐఎస్ఐ ముద్ర ఉన్న పనిముట్లు అమ్మాలి. ఊరికొక జత క్లాంపులు, చైను పుల్లీ, పైపు పానాలు సంఘం దగ్గరే ఉంచి మెకానిక్కులకు వాడుకోనివ్వాలి. పీఎం విశ్వకర్మ జాబితాలో గ్రామీణ మెకానిక్‌ను చేర్చాలి.

పైన చెప్పిన మెకానిక్ ఫిర్యాదును మేమే దగ్గరుండి వేయిస్తున్నాం. మీ దగ్గర కూడా నోరు తెరుచుకున్న పానాలు, విరిగిన కటింగ్ ప్లేయర్లు, గ్యారంటీ అని అచ్చేసిన డబ్బాలు ఉంటే పారేయకండి. కొన్న తేదీ, కొట్టు పేరు, ఎంతకు కొన్నారో చీటీ మీద రాసి, దానికే కట్టి మండల కమిటీ కార్యాలయంలో ఇవ్వండి. బిల్లు లేకపోయినా తీసుకుంటాం. ఇకముందు ఏది కొన్నా బిల్లు అడగండి. ఇవ్వనంటే కొట్టులో నిలబడే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.