కథకుడు చెప్పినది, మనం అనుకున్నది

ప్రొద్దుటూరు నుండి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఇంటర్మీడియట్ చదువుతున్న తన కుమారుడు, అతని మిత్రులు నలుగురు ఇషా నమాజు ముగిసిన తరువాత మేడమీద చేరి, ఒక జపాను బొమ్మల కథలో వచ్చే అధ్యాయం ఎలా ఉండబోతుందోనని గంటల తరబడి వాదించుకుంటున్నారట. వాళ్ల మాటల్లో రాక్షసులు, శాపాలు, బలులు తప్ప మరేమీ వినిపించడం లేదట. 'ఇది పాపమా, కాలక్షేపమా, మేము ఏమి చేయాలి?' అని ఆమె అడిగారు. ఆ కథ పేరు 'బెర్సెర్క్' అని కూడా తెలియజేశారు కాబట్టి నా పని కొంత సులువైంది.

ఇందులో రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఆ కథ చదవవచ్చునా అన్నది ఒకటి. జరగబోయే కథను ఊహించి వాదించుకోవచ్చునా అన్నది మరొకటి. మొదటిదానికి జవాబు చిన్నదే. బెర్సెర్క్‌ను కెంటారో మియురా అనే చిత్రకారుడు 1989లో ఆరంభించారు. జపానులో అది వెలువడే 'యంగ్ యానిమల్' పెద్దల పత్రిక, బాలల పత్రిక కాదు. అందులో నరకడాలు, స్త్రీలపై అత్యాచారాలు, దయ్యాలకు మనుషులను బలి ఇవ్వడాలు దాపరికం లేకుండా చిత్రించబడ్డాయి. రచయిత వాటిని మెచ్చుకుంటూ గీయలేదు. మిత్రుని చేతిలో మోసపోయిన ఒక కూలి సైనికుడు తన మనిషితనాన్ని ఎలా నిలుపుకొంటాడన్నదే కథ. అయినా పదహారేండ్ల పిల్లవాడి చేతిలో పెట్టదగినది కాదు. తల్లిదండ్రులు ఫోను లాక్కునే ముందు తామే నాలుగు పుటలు చూసి, ఎందుకు వద్దంటున్నారో వాడికి చెప్పగలగాలి. చూడకుండా వద్దనే పెద్దల మాటకు ఈ కాలపు పిల్లల వద్ద విలువ లేదు.

రెండవ ప్రశ్న నాకు మరింత ముఖ్యమైనదిగా తోచింది.

తరువాయి కథను ఊహించుకోవడం జపాను నుండి దిగుమతి అయిన జబ్బేమీ కాదు. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి.నాగిరెడ్డి గారు, చక్రపాణి గారితో కలిసి 1947 జూలైలో మద్రాసు నుండి 'చందమామ'ను వెలువరించారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు వచ్చేవి. తోకచుక్క, మకర దేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం... పేర్లు వింటేనే ఆ కథల్లో వెలుతురు ఎంతో, చీకటి ఎంతో తెలుస్తుంది. చిత్రా గారి బొమ్మలు ఆ చీకటిని కళ్లకు కట్టేవి. కథానాయకుడు కొండ అంచున వేలాడుతూ ఉండగా పుట చివర 'ఇంకా వుంది' అని అచ్చయ్యేది. ఆ రెండు మాటల తరువాత ముప్పై రోజులపాటు మా వీధి పిల్లలందరమూ కథకులమే. మాంత్రికుణ్ణి చంపేవారు కొందరు, మంచివాణ్ణిగా మార్చేవారు కొందరు. ఈనాడు మేడమీద కూర్చున్న ఆ ఐదుగురికీ మాకూ తేడా బొమ్మలది, భాషది మాత్రమే.

'హుజురాత్' సూరాలో అనుమానాల విషయమై గట్టి హెచ్చరిక ఉంది కదా, ఇది దాని కిందికి రాదా అని కొందరు అడగవచ్చు. ఆ హెచ్చరిక సాటి మనుషుల గూర్చి చేసే అనుమానాలకు సంబంధించినది. గట్స్ అనే కల్పిత యోధుడు చస్తాడా బ్రతుకుతాడా అని ఊహించడం వల్ల ఎవరి పరువూ పోదు, ఎవరి సంసారమూ కూలదు. నిజానికి శ్రద్ధగా చదివే పిల్లవాడే ఊహిస్తాడు. ఆ కథలో పుర్రె ముఖం గల ఒక గుర్రపు రౌతు ఉన్నాడు. అతడు వెయ్యేండ్ల కిందటి గైసెరిక్ అనే చక్రవర్తే అయి ఉండాలని పాఠకులు చాలాకాలంగా అనుకుంటున్నారు. అందుకు వారు కథలోని ఆనవాళ్లు చూపుతారు. మా పాఠ్యభాషలో దానిని ఖరీనా అంటాము, అంటే మాట వెనుక నిలిచే సూచన. సూచన చూపి ఊహించడం బుద్ధికి వ్యాయామం. దానిని ఆపవలసిన పని లేదు.

చిక్కు మరొకచోట వస్తుంది. కర్నూలులో ఇంజనీరింగు చదివే మా మేనల్లుడు కూడా ఈ కథకు వీరాభిమాని. ఒకనాడు వాడు, "మామూ, చివరికి గట్స్ చనిపోతాడని మియురా గారే చెప్పారు తెలుసా మీకు?" అన్నాడు.

"ఎవరితో చెప్పారు?" అన్నాను.

"అందరికీ తెలిసిన సంగతే మామూ."

"తెలిస్తే మంచిదే. విన్నవాడు ఎవరు?"

వాడు ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాడు. ఒక బొమ్మ కింద ఎవరో వ్రాశారు. ఆయన మరొకరి నుండి తీసుకున్నారు. ఆ మరొకరు, 'ఇలా అయితే బాగుంటుంది' అని తన అభిలాషను మాత్రమే వ్రాసుకున్నారు. మూడు చేతులు మారేసరికి 'బాగుంటుంది' కాస్తా 'చెప్పారు' అయింది. హదీసు శాస్త్రంలో ఇటువంటిదానికి 'ముద్‌రజ్' అని పేరు. ఉల్లేఖకుడు వివరణగా పలికిన సొంత మాట, విన్నవారి అజాగ్రత్త వల్ల మూలవాక్యంలో కలిసిపోవడం అన్నమాట. మన పండితులు అటువంటి మాటలను వేరుచేయడానికే గ్రంథాలు వ్రాశారు. ప్రవక్త (స) పలుకులను ఒక కల్పిత కథతో సరిపోల్చడం లేదు, అల్లాహ్ క్షమించుగాక. ఎవరు ఎవరి నుండి విన్నారని అడిగే ఆ పద్ధతి మాత్రం చనిపోయిన ఏ మనిషి మాటకైనా పనికివస్తుంది.

మియురా 2021 మే 6న మరణించారు. గుండె నుండి వెలువడే పెద్ద రక్తనాళం చిట్లింది. వయసు 54 సంవత్సరాలు. దాదాపు నా ఈడువాడే. కథ పూర్తికాలేదు. ఆయన గీస్తుండగా మిగిలిన 364వ అధ్యాయాన్ని శిష్యులు సిద్ధం చేయగా, అది ఆ సెప్టెంబరులో వెలువడింది. ఆ తరువాత ఏమిటన్నది ఎవరికీ తెలియదు. నోరు తెరిచి 'అది కాదు, ఇది' అని చెప్పడానికి కథకుడు లేడు. అభిమానుల ఊహలకు అడ్డూ అదుపూ లేకుండా పోయింది.

అప్పుడు ముందుకు వచ్చినవారు కోజీ మోరి. ఆయన కూడా చిత్రకారుడే, హైస్కూలు నాటి నుండి మియురాకు ఆప్తమిత్రుడు. సుమారు ముప్పై ఏండ్ల కిందట మియురా తనను కూర్చోబెట్టి కథను చివరిదాకా వినిపించారని ఆయన తెలియజేశారు. మియురా వద్ద పనిచేసిన 'స్టూడియో గాగా' చిత్రకారులు బొమ్మలు గీస్తారు, మోరి తాను విన్నది చెబుతారు. ఈ ఒప్పందంతో 2022 జూన్‌లో కథ తిరిగి మొదలైంది. ఆ సందర్భంలో మోరి చేసిన ప్రకటన సారాంశం నన్ను ఆశ్చర్యపరచింది. మియురా తనతో చెప్పిన సంఘటనలనే వ్రాస్తాను, వాటికి తన కల్పన జోడించను, స్పష్టంగా గుర్తులేని ఘట్టాలను వ్రాయను, కాబట్టి ఇది సంపూర్ణంగా ఉండకపోవచ్చు అన్నారు. మా తరగతిలో ఉల్లేఖకుని షరతులు బోధించేటప్పుడు జ్ఞాపకశక్తి, నిజాయితీ అని రెండు మాటలు చెబుతాము. తన జ్ఞాపకానికి హద్దు ఎక్కడ ఉందో ముందే ప్రకటించడం ఆ రెండింటికీ చెందినది.

మన ఉర్దూ ఇళ్లకు తెలిసిన కథలోనే దీనికి భిన్నమైన ఉదాహరణ ఉంది. నా బాల్యంలో మా నానీ అమర్ అయ్యార్ జిత్తులు చెబుతూ ఉంటే నిద్ర వచ్చేది కాదు. ఆ అమర్ తిరిగే మాయాలోకం 'తిలిస్మె హోష్‌రుబా' 1883 నుండి లక్నోలో నవల్ కిశోర్ ముద్రణాలయం ద్వారా ఏడు సంపుటాలుగా వెలువడింది. మొదటి నాలుగు ముహమ్మద్ హుసేన్ జాహ్ వ్రాశారు, మిగిలినవి అహ్మద్ హుసేన్ ఖమర్ పూర్తిచేశారు. ఒకరు విడిచిన కథను మరొకరు అందుకున్నారు, అంతవరకు బెర్సెర్క్ వంటిదే. అయితే ఈ అమీర్ హమ్జా దాస్తాన్‌కు మూలం అక్బరు ఆస్థానకవి ఫైజీ రచన అని ప్రచారం చేసుకున్నారు. పరిశోధకులు దానికి ఆధారం కనుగొనలేదు. పెద్ద పేరు తగిలిస్తే కథకు గౌరవం పెరుగుతుందన్న ఆశ తప్ప మరేమీ కాదు. వినోదం కోసం చెప్పిన కథలో అది క్షమించదగినదేమో, నాకైతే నచ్చదు.

'చందమామ' మరొక విధంగా లోటు చేసింది. దాసరి వారి ధారావాహికలు ఆయన పేరు లేకుండానే వచ్చేవి. ఏండ్లకేండ్లు చదివిన పిల్లలకు తమను నిద్రపోనివ్వని మనిషి ఎవరో తెలియదు.

కలిసిపోయిన మాటలను వేరుచేసే పని మన కడపలోనే ఒకప్పుడు పెద్దయెత్తున జరిగింది. బ్రౌన్ దొర అక్కడ బంగళా కొని, తన సొంత డబ్బుతో పండితులను నియమించి, ఒకే గ్రంథానికి ఉన్న పలు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి సరిచూపించారు. ఆయన వేమన పద్యాల సంకలనం 1829లో అచ్చయింది. ఒక ప్రతిలో ఉండి మరొకదానిలో లేని పద్యం కనిపిస్తే, అది కవిదా, వ్రాయసగానిదా అని అడిగారు. ఆ స్థలంలోనే ఈనాడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం నడుస్తున్నది. పిల్లలను సెలవుల్లో ఒకసారి తీసుకువెళ్లి చూపవచ్చు. ప్రొద్దుటూరు నుండి దూరమేమీ కాదు.

కాబట్టి ఆ సోదరికి నా సలహా ఇది. మేడమీది వాదనను ఆపకండి. మీరూ ఒకరోజు వెళ్లి కూర్చోండి. ఎవరైనా 'ఇలా జరుగుతుంది' అంటే 'ఏ పుటలో సూచన ఉంది?' అని అడగండి. 'రచయిత చెప్పాడు' అంటే 'ఎవరితో?' అని అడగండి. ఈ రెండు ప్రశ్నలు అలవాటైన పిల్లవాడు రేపు పెండ్లి సంబంధం గూర్చి, పొరుగింటి ఆడపడుచు గూర్చి 'అందరూ అనుకుంటున్నారు' అనే మాట విన్నప్పుడు కూడా అవే అడుగుతాడు. అటువంటి ఒక్క మాటతో నిశ్చయమైన సంబంధం తప్పిపోవడం మా పేటలో నేను చూశాను. ఆ మాట మొదట ఎవరి నోట పుట్టిందో నేటికీ తేలలేదు, అమ్మాయి ఇంకా పుట్టింట్లోనే ఉంది.

ఇక కథ విషయం. తిరిగి మొదలైన తరువాత గ్రిఫిత్ కాస్కాను ఎత్తుకుపోయాడు, గట్స్ కత్తి పట్టే మనసు కూడా లేనివాడయ్యాడు. ఇప్పుడు వాదనంతా అతడు లేస్తాడా అన్నదాని మీదే. కొత్త అధ్యాయాల్లో మునుపటి లోతు లేదనీ, మాటలు తగ్గాయనీ మా మేనల్లుడి ఫిర్యాదు. ఉండవచ్చు. గుర్తున్నంతవరకే చెబుతానన్న మనిషి చేతిలో కథ కొంత పలచబడక తప్పదు. నేను మోరి పక్షమే. కొత్తగా వస్తున్న సంపుటాలపై మూల రచయితగా ఇప్పటికీ మియురా పేరే ఉంటుంది, బొమ్మలకు స్టూడియో గాగా పేరు ఉంటుంది, మోరి పేరు పర్యవేక్షకునిగా మాత్రమే ఉంటుంది.